గోకార్టు పందెములు – తలిదండ్రుల పూనిక
(గజపతినగరమున మన సంఘ వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యానిధినిగూర్చి రెండు మాటలు చెప్పుడని కార్యనిర్వాహకవర్గమువారు మమ్ము గోరిరి. విద్యానిధి యన్నంతనే యుపకారవేతనములు, వసతిగృహములు, పుస్తకములు, ఇవి యేటేట వినుచున్నవే గదా యని మీరనుకొనవచ్చును. ఈ యేడు సంగతి వేఱు. నిధికి వచ్చిన యర్జీలలో నొకటి మున్నెన్నడును మన కార్యాలయపు గడప దొక్కని తీరుది. మన సభ్యులలో నొకరు, తొమ్మిదేండ్ల తమ కుమారునకు గోకార్టు పందెములలో శిక్షణ మిప్పించుచున్నామనియు, రెండేండ్లలో కూడబెట్టినదంతయు దానికే వ్యయమైనదనియు, ఇక నొక యెకరము మెట్ట యమ్మవలసి వచ్చుచున్నదనియు, సంఘము చేయూత నీయవలెననియు వ్రాసికొనిరి. పేరు చెప్పుట మర్యాద గాదు, చెప్పము. మీరును వెదకకుడు.

ఆ యర్జీ చదివినప్పుడు కొందఱు నవ్విరి. కొందఱికి కోపము వచ్చినది. "వసతిగృహపు రుసుము గట్టలేక చదువు మానుకొను పిల్లలు మన గ్రామములలో నుండగా, బండిపందెములకా మన చందాలు?" అని యొకరనిరి. "ఆ పిల్లవాడు రేపు దేశదేశముల పేరుగాంచినచో మనమే యెదురేగి పూలదండలు వేయుదుము గదా! నేడు చేయనిది రేపు దండ వేయుట కేమి మొగము?" అని మఱియొకరనిరి. రెండు మాటలలోను న్యాయమున్నది. కావుననే యీ సంగతి కార్యవర్గపు గదిలో తేలక మహాసభకు వచ్చినది.

ముందుగా ఆ బండి యెట్టిదో చూతము. పట్టణములలో వినోదస్థలములందు డబ్బిచ్చి పది నిమిషములు త్రోలు బండ్లను మీలో కొందఱు చూచియుందురు. పందెపుబండి దానికంటె తీవ్రమైనది. 1956వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియాయందు ఆర్ట్ ఇంగెల్స్ అను పందెపుకారుల నిర్మాత, పచ్చిక గోయు యంత్రముల కుద్దేశింపబడిన చిన్న యింజనును ఇనుపగొట్టముల చట్రమునకు బిగించి దీనిని మొదట చేసెను. దీనికి పైకప్పు లేదు, తలుపులు లేవు, కుదుపు నాపు స్ప్రింగులు లేవు. త్రోలువాడు నేలకు జానెడెత్తున గూర్చుండును. నడుమునకు కట్టుపట్టీ సైతము లేదు. పైన రక్షణచట్రము లేని బండి బోల్తాపడినచో దానికి గట్టబడి యుండుటకంటె విడివడుటయే మేలని యట్లు విడిచిరి. అందుచేత శిరస్త్రాణము, మెడపట్టీ, ప్రక్కటెముకల కవచము, చేతిజోళ్లు లేనిదే పిల్లవానిని త్రోవలోనికి విడువరు.

ఇందొక చమత్కారమున్నది. మన నాటుబండిని తలంచుకొనుడు. దాని యిరుసు తిరుగదు, చక్రములు రెండును ఇరుసుపై దేనికది తిరుగును. కావున మలుపున వెలుపలి చక్రమెక్కువగను లోపలి చక్రము తక్కువగను దొరలి బండి సుళువుగా తిరుగును. మోటారుకారులో ఆ పనికి డిఫరెన్షియలను పండ్లచక్రముల పెట్టె యుండును. గోకార్టునకు ఈ రెండును లేవు. వెనుకచక్రములు రెండును ఇరుసునకు బిగింపబడి దానితో గలిసి యొక్కరీతిగా తిరుగును. అట్టి బండి మలుపు తిరుగవలెనన్నచో లోపలివైపు వెనుకచక్రము క్షణకాలము నేలను విడువవలెను. ముందుచక్రముల యమరిక, చట్రము సాగి వంగుట, త్రోలువాని బరువు ఒరగుట, ఈ మూడును గూడినప్పుడే యది లేచును. లేవకున్న బండి మొండికేసి తిన్నగా బోవును. ఎక్కువసేపు లేచియున్న వేగము నశించును. పెద్దలము మనము దీనిని కాగితముపై గీసి తెలిసికొనవలసినదే. ఎనిమిదితొమ్మిదేండ్ల పిల్లవాడు నడుముతోను, మునివ్రేళ్లతోను నేర్చుకొనును. వయోలిను కమాను పట్టుటకు చిన్నవయస్సు కావలసినట్లే దీనికిని కావలెను. ఇది చదువు గాదు, ఆటబొమ్మ యని నవ్వినవారికి మా సమాధానమింతే.

ఇక తలిదండ్రుల సంగతి. ఈ పందెములలో లోకప్రసిద్ధి గాంచినవారందఱును కోటీశ్వరుల బిడ్డలే యని యొక నమ్మకమున్నది. పలువురు అట్టివారే. జర్మనీదేశస్థుడు మైకేల్ షూమాకర్ మాత్రము తాపీమేస్త్రీ కుమారుడు. తండ్రి రోల్ఫ్, నాలుగేండ్ల బాలుని త్రొక్కుడుబండికి చిన్న మోటారుసైకిలింజను నమర్చి యిచ్చెను. తరువాత కెర్పెన్ అను నూర గోకార్టుల త్రోవయందు బండ్లు బాగుచేయు పనికి గుదిరెను. తల్లి యచ్చటనే ఫలహారశాలలో పనిచేసెను. పిల్లవాడు ఇతరులు పాఱవేసిన టైర్లను ఏఱుకొని వాడుకొనెను. ఒకప్పుడు 800 మార్కుల ఖరీదుగల క్రొత్త యింజను గావలసివచ్చినది. తలిదండ్రుల వలన గాలేదు. అప్పుడా యూరి వర్తకులు ముందునకు వచ్చి యాదుకొనిరి. ఆ బాలుడే తరువాత ఏడుమారులు ప్రపంచవిజేత యయ్యెను. పోషకమహాశయులారా, ఈ కథలో మేము చూపదలచినది ఆ యేడు విజయములను గాదు. ఆ తలిదండ్రులు ఇల్లు నమ్ముకొని పందెమునకు దిగలేదు, పందెమున్న చోటనే కూలి సంపాదించుకొనిరి. చాలని వేళ మాత్రము ఊరు తోడుపడినది.

ఇంగ్లండు దేశస్థుడు లూయీ హామిల్టన్ తండ్రి ఆంథొనీ సంగతియు తెలియదగినది. వారి వంశము కరిబియన్ సముద్రములోని గ్రెనడా ద్వీపమునుండి వచ్చినది. కుమారునకు ఆఱేండ్లప్పుడు గోకార్టు గొనియిచ్చి, బడిలో శ్రద్ధగా చదివినంతకాలమే పందెములకు తోడ్పడుదునని నిబంధన జేసెను. ఎనిమిదేండ్ల వయస్సున, 1993లో, పిల్లవాడు పందెములకు దిగెను. తండ్రి యొకేసారి పెక్కు కొలువులు చేసి ఖర్చులు భరించెను. 1998లో మెక్‌లారెన్ సంస్థవారు బాలుని చేరదీయువఱకు ఆ భారము తండ్రి భుజములమీదనే యున్నది. 2008లో కుమారుడు ప్రపంచవిజేత యయ్యెను. బడి నిబంధన మన నిధికి సంబంధించిన మాట గనుక దానిని మీరు గుర్తుంచుకొనుడు.

దేశాంతరముల మాట యటుంచుడు. తెలుగు కుటుంబములు తరతరములుగా నెలకొన్న కోయంబత్తూరు మోటారు విద్యకు పుట్టినిల్లు. జి. డి. నాయుడుగారి యంత్రశాలలు వెలసినది యా యూరనే. భారతదేశమునుండి ఫార్ములా వన్ పందెములకు మొట్టమొదట బోయిన నారాయణ్ కార్తికేయన్ గారిదియు నా యూరే. వారి తండ్రి జి. ఆర్. కార్తికేయన్ గారు దక్షిణభారత ర్యాలీని పలుమారులు గెలిచినవారు. అనగా ఇంటనే గురువు. 2005లో కుమారుడు జోర్డాన్ జట్టువారి కారు నడపి, అమెరికా పందెమున నాలుగవ స్థానము పొందెను. ఆనాడు టైర్ల వివాదముచేత ఆఱు కారులే పరుగెత్తినవి, నిజమే. కాని పరుగెత్తిన యాఱింటిలో నొకటి మనవానిది.

అదే యూరి ఎస్. కరివర్ధన్ గారిని మేము వేఱుగా స్మరింతుము. వారు మిల్లుల యజమానుల కుటుంబమువారు. ధనమున్నది, పందెములపై మక్కువ యున్నది. తామొక్కరే ఖరీదైన కారు గొని త్రోలుకొనక, మారుతీ కారు ఇంజనుతో తక్కువ వెలకు వచ్చు పందెపుకారులను దేశముననే తయారుచేయించి, ధనము చాలని యువకులు త్రోలుటకు వీలు గల్పించిరి. 1995లో విమానప్రమాదమున గతించిరి. కోయంబత్తూరు వెలుపలి పందెపుత్రోవకు వారి పేరే పెట్టిరి. ఒక బాలునకు వేయి రూపాయలిచ్చుట యొక దానము. పదిమంది బాలురు ఒక్కొక్క నూఱుతో నేర్చుకొనునట్లు త్రోవ వేయుట మఱియొక దానము. రెండవది చేయువారు అరుదు.

మన జిల్లాల మాట యెత్తకుండుట న్యాయము గాదు. మోటారుకారులను త్రాళ్లతో బట్టి నిలిపిన కోడి రామమూర్తినాయుడుగారు వీరఘట్టమున బుట్టి, విజయనగరమున పినతండ్రిగారి యింట బెరిగి, అచ్చటనే వ్యాయామోపాధ్యాయులుగా నుండిరి. పినతండ్రి యింటిలో పెట్టిన తిండియే ఆ దేహమునకు మొదటి పెట్టుబడి. ఆముదాలవలస చెంత ఊసవానిపేటకు జెందిన కరణం మల్లీశ్వరిగారు 2000 సంవత్సరము సెప్టెంబరు 19వ తేదీని సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల తరగతియందు 110, 130, మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గైకొనిరి. ఒలింపిక్సులో పతకము పొందిన మొదటి భారతమహిళ వారే. తండ్రి రైల్వే రక్షణదళమున కానిస్టేబులు. అక్కచెల్లెండ్రందఱును బరువులెత్తుట నేర్చినవారే. "ఆడపిల్లకు ఇనుపగుండ్లేల?" యను ఊరి మాటలకు తల్లి శ్యామలగారు చెవియొగ్గియుండినచో ఆ పతకము లేదు. మన విజయనగరమునకు దగ్గఱనున్న కొండవెలగాడ గ్రామము బరువులెత్తువారి యూరుగా పేరుగాంచినది. ఆ యూరి మత్స సంతోషిగారు 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలయందు పతకము గెలిచిరి. బరువులెత్తుటకు కావలసినదేమి? ఒక పాక, కొన్ని ఇనుపచక్రములు, ఒక గురువు, కడుపునిండ తిండి. ఇది యొక యూరు మోయగల భారము.

గోకార్టు అట్టిది గాదు. ఇచ్చటనే మన సోదరుని కష్టము మనకు దెలియవలెను. ఇంజను కొంతకాలము నడచినంతనే విప్పి సరిచేయింపవలెను. టైర్లు చెప్పులవలె అరుగును. పిల్లవాడు పెరుగుచున్నకొలది తరగతి మాఱును, తరగతి మాఱినప్పుడెల్ల బండి మాఱును. అన్నిటికంటె దూరము. జాతీయస్థాయి పందెములు విశేషముగా బెంగుళూరు, కోయంబత్తూరు, చెన్నపట్టణము దిక్కుల జరుగును. గజపతినగరపు స్టేషనులో రైలెక్కి విజయనగరము మీదుగా చెన్నపట్టణము చేరుటకే 850 కిలోమీటర్లకు పైబడును. పిల్లవానితో తండ్రి, తండ్రితో బండి, బండితో పనివాడు, వీరందఱకు బస, భోజనము, సెలవు. ఒక్క పందెమున కింత. ఆ తండ్రి రెండేండ్లలో ఖాళీ చేతులతో నిలుచుటలో వింత లేదు.

దీనిపైన మేము చెప్పదలచిన కఠినమైన మాట యొకటి గలదు. అన్ని వేలు పోసిన తండ్రికి బిడ్డ యోటమి తన యోటమిగా దోచును. తానమ్మిన యెకరము ప్రతి మలుపునను కన్నులముందు కదలును. నెదర్లండు దేశపు మాక్స్ వెర్‌స్టాపెన్ నాలుగుమారులు ప్రపంచవిజేత. ఆయన తండ్రి యోస్ కూడ పందెగాడే. 2012లో ఇటలీలో గోకార్టు పందెమున కుమారుడు తొందరపడి పోగొట్టుకొన్నప్పుడు, తండ్రి త్రోవలో వానిని పెట్రోలుబంకు వద్ద దింపి వెడలిపోయెనని తండ్రికొడుకు లిద్దఱును చెప్పియున్నారు. వెంటనే మఱలి వచ్చి యెక్కించుకొన్నను దినములకొలది మాటలాడలేదట. ఆ మరుసటి యేడే కుమారుడు ప్రపంచపు గోకార్టు బిరుదు గెలిచెను. దీనిని విని "చూచితిరా, కాఠిన్యమువలననే గెలిచెను" అనువారున్నారు. మేమట్లు తలంపము. అదే విధముగ పెట్రోలుబంకు వద్ద దింపబడి, తరువాత నేమియు గెలువని బాలుర కథలను పత్రికలవారు వ్రాయరు. వారెందఱున్నారో లెక్కగట్టినవారు లేరు. గెలిచినవాని చరిత్రను బట్టి మన యింటి బిడ్డకు శిక్షలు నిర్ణయించుట, అదృష్టపత్రము గెలిచినవానిని జూచి ఇల్లమ్మి టిక్కెట్లు గొనుటవంటిది.

ప్రమాదమునుగూర్చి పెక్కురు అడిగిరి. ప్రమాదము లేదని మేమనము. కాని యొక విచిత్రము చూడుడు. కంచె వేసిన త్రోవలో, కవచము దొడిగి, వైద్యుడు ప్రక్కనుండగా బిడ్డ బండి త్రోలుటకు వెఱచెడి మనమే, పదునాలుగేండ్ల వానికి స్కూటరు తాళమిచ్చి, మన యూరి నడుమనుండి సాగిన 26వ సంఖ్య జాతీయరహదారిపై లారీల మధ్య అంగడికి బంపుచున్నాము! శిరస్త్రాణము మాట దేవుడెఱుగును. 2019లో సవరింపబడిన మోటారువాహనముల చట్టము ప్రకారము అట్టి నేరమునకు బిడ్డ సంరక్షకునకు మూడేండ్ల వఱకు కారాగారవాసము, ఇఱువదియైదువేల రూపాయల జుల్మానా గలవు. ఈ సభలో నెంతమంది యిండ్లలో అట్టి తాళములున్నవో మేమడుగము. త్రోవపై నేర్చిన పిల్లవానికి వేగమనగా నేమో, ఎక్కడ నాపవలెనో తెలియును. రహదారిపై నేర్చినవానికి వేగమొక్కటే తెలియును.

ఇప్పుడు కర్తవ్యము. విద్యానిధినుండి ఒక్క రూపాయియు పందెములకు తీయరాదని మా నిశ్చితాభిప్రాయము. ఆ నిధికి చందా యిచ్చినవారు ఏ యుద్దేశముతో నిచ్చిరో ఆ యుద్దేశమునకే యది చెల్లవలెను. బొబ్బిలి, సాలూరు, మెంటాడ దిక్కులనుండి వచ్చి వసతిగృహములలో నుండి చదువుకొను బాలబాలికల భోజనఖర్చు అందున్నది. వారి విస్తరినుండి తీసి యితరున కిడుట దానము గాదు.

అయిన నా తండ్రిని వట్టిచేతులతో బంపుట యీ ప్రాంతపు మర్యాద గాదు. విజయనగరమున మహారాజావారి సంగీతకళాశాలకు వచ్చిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు తండ్రి లేని బాలుడు. కొన్నాళ్లు ఇంటింట మధుకరమెత్తి భుజించెను. పట్రాయని సీతారామశాస్త్రిగారు, సాలూరి చిన గురువుగారని మన పెద్దలు పిలుచుకొనువారు, ఆయనకు విద్య జెప్పి యాదరించిరి. ఆ యిల్లాండ్రు పెట్టిన ముద్ద యే నిధి లెక్కలోను వ్రాయబడలేదు. మన తాతల కాలమున విద్యకు చేయూత యట్లుండెడిది: ఎవ్వరును ఇల్లు గుల్లచేసికొనలేదు, తలా యొక పిడికెడు పెట్టిరి.

కావున నీ సభయందే ప్రత్యేకముగా నొక క్రీడానిధి నెలకొల్పవలెనని మా ప్రతిపాదన. అది గోకార్టునకు మాత్రమే గాదు. బరువులెత్తువారికి, పరుగుపందెముల వారికి, చదరంగమునకు, బాలురతో సమానముగా బాలికలకు. పోషకులు విద్యానిధికిచ్చు చందా తగ్గింపక, అదనముగా నిచ్చినదే దీనిలో జేరవలెను. సాయము గోరువారి సొత్తు అమ్మకమునకు రాకుండ చూచుట దీని మొదటి నియమము: భూమి యమ్మి గాని తాకట్టుపెట్టి గాని పందెములకు వెచ్చించు కుటుంబమునకు ముందు ఆ పని మానిపించి, పిమ్మటనే సాయము చేయవలెను. పిల్లవాని శక్తిని తీర్పుచెప్పువాడు ఆ పిల్లవానికి శిక్షణ యమ్ముకొనువాడు కారాదు. వేఱొక గురువు చూడవలెను. బడి హాజరుపట్టీ ఏటేట తెప్పించుకొనవలెను. సాయము ఏడాదికొకమారు మఱల పరిశీలింపవలెను, ఓడిన యేడు సైతము. ఓడినంతనే నిలిపివేయుదుమన్నచో మనమును ఆ పెట్రోలుబంకు తండ్రివంటి వారమే యగుదుము.

ఇంకొక నియమము. దీనికి కార్యవర్గములో నొకరిద్దఱు అభ్యంతరము చెప్పిరి గాని మేము విడువము. తండ్రి లేని చోట, తల్లి లేని చోట, సంఘపు స్త్రీసభ్యులలో నొకరు ఆ పిల్లవానితో నొక గడియ కూర్చుండి మాటలాడవలెను. బండి యెక్కుట వానికిష్టమా? తెల్లవారకముందు లేపినప్పుడు వాడు తానై లేచుచున్నాడా, లేపబడుచున్నాడా? మానివేయుదునని చెప్పుటకు వానికి ధైర్యమున్నదా? తొమ్మిదేండ్ల బిడ్డ తండ్రి యెదుట "ఇక చాలు నాయనా" యనలేడు. తండ్రి తనకొఱకు పొలమమ్మబోవుచున్నాడని యెఱిగిన బిడ్డ అసలే యనలేడు. ఆ మాట చెప్పుకొనుటకు వానికొక చోటు కావలెను. వాడిష్టమనినచో మంచిదే, కాదనినచో ఆ రహస్యమును తండ్రికి నొప్పి కలుగకుండ తెలియజేయు భారము మన పెద్దలది.

ఈ యర్జీ విషయమున మా సూచన యిది: ఆ సోదరుడు మెట్ట యమ్మకుండునట్లు మాట తీసికొని, క్రీడానిధి కూడినంతలో నొక్క యేడాదికి రైలు ఖర్చులు, ప్రవేశరుసుములు మాత్రమిచ్చి, ఏడాది కాగానే మఱల చూతము. బండి, ఇంజను ఖరీదు మన తలకెత్తుకొనలేము. వర్తకసోదరులెవరైన తమ దుకాణపు పేరు బండిపై వ్రాయించుకొని భరించెదమన్నచో సంతోషము, కెర్పెన్ వర్తకులు చేసినదదియే.

మధ్యాహ్నభోజనానంతరము రెండవ సమావేశమున తీర్మానము చదువబడును. అభ్యంతరములున్నవారు అప్పుడు లేచి చెప్పుడు, భోజనపంక్తిలో గాదు. క్రీడానిధికి చందా వ్రాయదలచిన మహాశయులు పందిరి ద్వారమునొద్ద కోశాధికారిగారి కడనున్న పుస్తకములో తమ పేర్లు వ్రాయుడు. మొదటి పుట నింక నెవ్వరును ముట్టలేదు.